ఇంటి గుట్టూ, ఇల్లాలి ఏకాంతమూ

అభ్యుదయ సాహిత్య విమర్శలో 'ఏకాంతం' అనే మాటకు మంచి పేరు లేదు. భావకవుల ఊహాలోకం, మధ్యతరగతి వ్యక్తివాదం, సమాజం నుంచి పలాయనం - ఈ అర్థాల్లోనే దాన్ని వాడుతూ వచ్చాం. ఆనాటి చారిత్రక సందర్భంలో ఆ విమర్శ న్యాయమైనదే. కాని మనిషి మాట్లాడడానికి ముందు, రాయడానికి ముందు, ఎవరి కాపలా లేని కాస్త చోటు కావాలన్న సంగతిని ఆ ఊపులో విస్మరించాం. ఆ చోటు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న ప్రశ్నను నిజామాబాదు, బోధన్ ప్రాంతాల అనుభవం ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాట మీద నిఘా ఈ నేలకు కొత్త కాదు. నిజాం ప్రభుత్వం 1920లలో తెచ్చిన గస్తీ నిషాన్ 53 ప్రకారం సర్కారు అనుమతి లేనిదే సభ జరపడానికి వీల్లేదు. ఆ నిర్బంధాల మధ్యనే 1937లో ఆరవ ఆంధ్ర మహాసభ నిజామాబాదులో జరిగింది. దానితోపాటు జరిగిన మహిళా సభకు నందగిరి ఇందిరాదేవి అధ్యక్షురాలు. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం పుట్టిందీ ఆ ఏడే. తరువాత ఇందూరు జైల్లో దాశరథి బొగ్గుతో గోడమీద పద్యం రాయడం, తోటి ఖైదీగా వట్టికోట ఆళ్వారుస్వామి అండగా నిలవడం మనందరం విద్యార్థులకు చెప్పే కథే. రాజ్యం కాపలా మధ్య కవి మాట ఎలా బతికిందో ఆ కథ చెబుతుంది.

అయితే రాజ్యం ఒక్కటే కాపలాదారు అనుకుంటే చరిత్ర సగమే అర్థమవుతుంది. చెరకు తోటల్లో కూలికి వెళ్లిన స్త్రీ మీద, ఇంట్లో బీడీలు చుట్టిన స్త్రీ మీద నిఘా వేయడానికి పోలీసు అక్కర్లేదు. ఆ పని ఇల్లే చేసింది.

నా చిన్నతనంలో మా వాడలో చాలా ఇళ్ల మగవాళ్లు దుబాయి, మస్కట్‌లలో ఉండేవారు. చదువురాని ఆడవాళ్లకు ఉత్తరాలు చదివిపెట్టడం, జవాబులు రాసిపెట్టడం నా పని. అత్త పక్కన కూర్చునేది. ఆడబిడ్డ గడపలో నిలబడేది. "అందరం మంచిగున్నమని రాయి బిడ్డా" అని కోడలు చెప్పేది. కాసేపు ఆగి, "ఇగ అంతే" అనేది. ఆ ఆగిన చోట ఏముందో పదేళ్ల పిల్లనైన నాకూ కొంత తెలిసేది. కాని రాయమని ఆమె చెప్పలేదు, నేను రాయలేదు. భర్త రాసిన మాట భార్యకు చేరేలోపు నలుగురి చెవిన పడేది. భార్య మాట బయలుదేరనే లేదు.

దీన్ని సమర్థించే మాట మన భాషలోనే ఉంది: గుట్టు. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. ఈ సామెతలో గుట్టు ఇంటిది. ఇంట్లో మనిషిది కాదు. భర్త కొట్టిన దెబ్బను దాచడం గుట్టు. భార్య ఒక కాగితాన్ని దాచుకుంటే మాత్రం అది దొంగతనం. కుటుంబ గుట్టును ఏకాంతమని పొరబడినందువల్లనే, ఆ మాటంటే మనకు భూస్వామ్య వాసన తగిలింది. నిజానికి అవి రెండూ పరస్పర విరుద్ధాలు.

ఈ వైరుధ్యాన్ని మన న్యాయస్థానమొకటి చాలా ముందే గుర్తించింది. సినీనటి సరితను కాపురానికి పంపాలని ఆమె భర్త కడప కోర్టులో వేసిన కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరింది. ఇష్టంలేని స్త్రీని కోర్టు డిక్రీతో కాపురానికి పంపడం ఆమె శరీరం మీద ఆమెకున్న స్వాధీనాన్ని, ఆమె ఏకాంతాన్ని హరించడమేనని జస్టిస్ పి.ఎ. చౌదరి 1983లో తీర్పు చెప్పి, హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్‌ను కొట్టేశారు. 1984లో మరో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఇంటి గుట్టే గెలిచింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించేసరికి 2017 ఆగస్టు 24 వచ్చింది.

స్త్రీకి ఇల్లు కాపలా అయితే, అట్టడుగు కులాలకు రిజిస్టరు కాపలా. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. ఎరుకలవంటి జాతులవాళ్లు నేరం చేసినా చేయకపోయినా పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్ర ఇవ్వాలి, ఊరు దాటితే చెప్పిపోవాలి. స్టూవర్టుపురం ఆ విధంగా ఏర్పడ్డ సెటిల్‌మెంటే. చట్టం 1952లో రద్దయింది. నమోదు చేసి అనుమానించే పద్ధతి రద్దు కాలేదు. తెలంగాణలో 2016లో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటికొచ్చి విచారించకుండానే కంప్యూటరు లెక్కల ప్రకారం తీసేశారు. వాటిని క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది. వేలిముద్ర ఇవ్వడం పేదవాడి వంతు. ఆ వేలిముద్రతో ఏం లెక్క కట్టారో అడిగే హక్కు మాత్రం పేదవాడికి అందదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ప్రభుత్వం తన సంస్థలను మినహాయించుకునే వీలు కల్పించింది.

ఈ రెండు కాపలాలూ ఇప్పుడు సెల్‌ఫోనులో కలిశాయి. బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. గల్ఫ్ వలస అంతకుముందు నుంచీ ఉంది. కూలీ, పింఛను, గల్ఫ్ డబ్బు, అన్నీ ఫోను నంబరుకు ముడిపడ్డాయి. బీడీ కార్మికురాలి పేరున ఉన్న ఖాతా కబురు చాలాసార్లు కొడుకు చేతిలోని ఫోనుకు వస్తుంది. ఒకప్పుడు ఉత్తరం చదివిన నా స్థానంలో ఇప్పుడు కొడుకు ఉన్నాడు. వీధిలో కెమెరా పెట్టేవారు స్త్రీల రక్షణ కోసమే అంటారు. ఆ కెమెరా ఏ వాడలో ఎక్కువ, దానిలో పడ్డ ముఖాలు ఎవరి దగ్గర నిలవ ఉంటాయి అని అడిగితే జవాబు ఉండదు. 2022 జనవరి 1న బుల్లీ బాయి అనే యాప్‌లో ముస్లిం స్త్రీల ఫొటోలను వేలానికి పెట్టారు. వాళ్లలో హైదరాబాదు స్త్రీలూ ఉన్నారు. వాళ్లు చేసిన నేరం తమ అభిప్రాయాన్ని బాహాటంగా చెప్పడం. బోధన్‌లో ఉర్దూ మాట్లాడే నా విద్యార్థినుల తల్లులు ఆ వార్త విన్నాక, కూతుళ్ల ఫొటో ఎక్కడా పెట్టవద్దన్నారు. దాడి జరిగింది కొందరి మీద. నోరు మూసుకున్నది ఎందరో.

ఇంతవరకు రాజ్యాన్ని, కుటుంబాన్ని, మతోన్మాదాన్ని విమర్శించాను. సాహిత్యరంగం ఈ కాపలాకు అతీతమా? స్త్రీ ఒక కథ రాస్తే "ఇది ఆమె సొంత కథేనా?" అని సభ వెనుక వరుసల్లో గుసగుసలాడతాం. మారుపేరుతో కవిత వస్తే దాని బాగోగుల కంటే రాసింది ఎవరన్న ఆరానే ముందు. మగ రచయిత కథ మనకు సామాజిక వాస్తవికత. స్త్రీ కథ సాక్ష్యపత్రం. ఇదీ నిఘాయే. నేనూ ఒక సమీక్షలో ఈ తప్పు చేశాను. ఆ రచయిత్రి కొన్నాళ్లు ఏమీ ప్రచురించలేదు.

తొమ్మిదో తరగతి పిల్లలను ఒకసారి రోజూ డైరీ రాయమన్నాను. ఒక బీడీ కార్మికురాలి కూతురు, "టీచర్, ఇది ఎవరెవరు చదువుతరు?" అని అడిగింది. నేనొక్కదాన్నే అన్నాను. ఆమె రాసి ఇచ్చింది: పొద్దున లేచాను, అన్నం తిన్నాను, బడికి వచ్చాను. వారం రోజులూ అదే. మూడు పదుల ఏళ్ల కింద నేను రాసిన దుబాయి ఉత్తరం గుర్తుకొచ్చింది. ఆ తర్వాత నోటుబుక్కులు చూడడం మానేశాను. రాశారా లేదా అని మాత్రమే అడుగుతున్నాను. ఇప్పుడు ఆ పిల్ల నోటుబుక్కు నిండుతోంది. అందులో ఏముందో నాకు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

జైలు గోడమీది పద్యాన్ని గౌరవించిన సంప్రదాయం మనది. ఆ గౌరవం నిజమైతే, గోడే లేని వాళ్ల ఏకాంతాన్ని వ్యక్తివాదమని కొట్టిపారేయకుండా, వాక్‌స్వాతంత్ర్యానికి అది మొదటి షరతుగా మన విమర్శ అంగీకరించాలి.