మెటల్ డిటెక్టర్ కర్ర కథ: మందుపాతర్ల నుంచి మన చెలకల దాకా

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. పనులయ్యాక తీరిగ్గా చదవండి.

ఈ మధ్య కొంతమంది రైతులు మెటల్ డిటెక్టర్ తెచ్చుకుంటున్నారు. రోటావేటర్ బ్లేడు విరిగి మట్టిలో పడితే వెతకాలి. ఫెన్సింగు తీగ ముక్కలు చొప్పలో కలిసి గొడ్డు కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది, వాటినీ ఏరాలి. మంచిదే. కానీ తెచ్చుకున్నవాళ్లు చెప్పేది ఒకటే మాట: అరగంట తిప్పేసరికి భుజం పడిపోతోంది, నడుం పట్టేస్తోంది అని. మిషన్ని అటక మీద పడేస్తారు. అసలు సంగతి ఆ కర్ర దగ్గర ఉంది.

మన నాగలి మేడి గుర్తు చేసుకోండి. దున్నే మనిషి ఎత్తు చూసి వడ్రంగి మేడి చేసేవాడు. మేడి పొట్టిదైతే మధ్యాహ్నానికి నడుం విరిగేది, పొడుగైతే నొక్కు పడేది కాదు. పార కామ, గొడ్డలి కామ కూడా అంతే. డిటెక్టరు కర్రకు ఈ తెలివి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లో ఎక్కడుందో డాక్టర్లకు తెలియలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ తీగ చుట్టలతో ఒక పరికరం చేసి తెచ్చాడు. లోహం దగ్గరికి వస్తే టెలిఫోన్లో చప్పుడు వినిపించాలి. దానికి పొడుగు కర్ర లేదు, చేత్తో పట్టుకుని ఒంటి మీద తిప్పడమే. పరుపు కింద ఉక్కు స్ప్రింగులు ఉండటం, డాక్టరు ఒక పక్కనే వెతకనివ్వడం వల్ల తూటా దొరకలేదు. అధ్యక్షుడు సెప్టెంబర్లో చనిపోయాడు.

తర్వాత 1930ల్లో జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన ఫిషర్ అనే ఇంజనీరు రెండు చెక్కపెట్టెల మిషన్ చేశాడు. 1937లో పేటెంటు వచ్చింది. గని తవ్వేవాళ్లకు, నీటి పైపులు వెతికేవాళ్లకు పనికొచ్చింది గానీ అది మోత బరువే.

కర్ర సంగతి నిజంగా తేలింది యుద్ధంలో. రెండో ప్రపంచ యుద్ధంలో మందుపాతర్లు వెతకడమంటే మనిషి మోకాళ్ల మీద పాకుతూ బాయినెట్‌తో మట్టిని పొడుచుకుంటూ పోవడమే. 1941లో మన దేశపు అధికారి ప్రేమీంద్ర సింగ్ భగత్ అబిసీనియా వైపు దారిలో నాలుగు రోజుల పాటు, పొద్దున్నుంచి రాత్రి దాకా, 55 మైళ్ల మేర 15 మందుపాతర్ల క్షేత్రాలను గుర్తించి తీయించాడు. ఆయన బండి రెండుసార్లు పేలింది, చెవి కర్ణభేరి పగిలింది. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అప్పటికి చేతిలో పట్టే డిటెక్టరు సైన్యానికి ఇంకా అందలేదు.

ఆ లోటు తీర్చింది పోలండ్ అధికారి యూజెఫ్ కొసాట్స్కీ. దేశం జర్మనీ చేతుల్లోకి పోతే బ్రిటన్ చేరాడు. అక్కడ 1941–42 చలికాలంలో డిటెక్టరు తయారు చేశాడు. కర్ర చివర చెక్క పలక, పలకలో రెండు తీగ చుట్టలు, చెవులకు ఫోన్లు. మొత్తం బరువు దాదాపు 14 కిలోలు. అంత బరువు కర్ర చివర పెడితే ఎవడు తిప్పగలడు? అందుకే బ్యాటరీలు, మిగతా సామానంతా సంచీలో పెట్టి మనిషి ఒంటికి తగిలించారు. చేతిలో ఉన్నది కర్ర, పలక మాత్రమే. దాంతో మనిషి నిలబడి నడుస్తూ వెతికే వీలొచ్చింది. 1942 అక్టోబరులో ఎల్ అలమీన్ యుద్ధానికి 500 డిటెక్టర్లు పంపారు. గంటకు 100 మీటర్లు వెతికే చోట 200 మీటర్లు వెతకగలిగారు. ఆ సైన్యంలో మన నాలుగో ఇండియన్ డివిజన్ కూడా ఉంది. కొసాట్స్కీ దానికి పైసా తీసుకోలేదు. ఇంటివాళ్లు పోలండ్‌లో శత్రువుల చేతికింద ఉన్నారు కాబట్టి పేరు కూడా బయట పెట్టలేదు. మన పనిముట్లు కనిపెట్టిన పెద్దల పేర్లు మాత్రం మనకెవరికి తెలుసు లెండి.

యుద్ధం అయ్యాక మిగిలిపోయిన మిషన్లు చవగ్గా అమ్మారు. ట్రాన్సిస్టర్లు వచ్చి బరువు తగ్గింది. కర్ర కూడా మారింది. పిడి దగ్గర వంపు వచ్చింది, మోచేతి కింద దోనె లాంటి ఆనుడు వచ్చింది, కొన్నిటికి బ్యాటరీ డబ్బా మోచేతి వెనక్కి పోయింది. ఎందుకంటారా? కావడి చూడండి. రెండు పక్కలా బరువుంటేనే భుజానికి సులువు. లీటరు నీళ్ల సీసా ఒంటికి ఆనించి పట్టుకుంటే ఏమీ అనిపించదు, చెయ్యి చాపి పట్టుకుంటే ఐదు నిమిషాల్లో చెయ్యి వణుకుతుంది. కర్ర ఒక గంటు పొడుగైతే ఆ బరువు అంత దూరం జరిగినట్టే. ఆస్ట్రేలియాలో బంగారం వెతికేవాళ్ల మిషన్లు మరీ బరువు. వాళ్లు భుజాలకు పట్టీలు వేసుకుని, సాగే తాడుతో మిషన్ని వేలాడదీసుకుంటారు. మనం కలుపు కోసే మిషన్‌కు పట్టీ తగిలించుకుంటామే, అలాగన్నమాట.

ఇక మీ కర్ర సర్దుకునే పద్ధతి. పొలంలో వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబడండి. మోచేతిని దోనెలో పెట్టి పట్టీ బిగించండి. భుజం వదులుగా వదిలేయండి, మోచెయ్యి కొద్దిగా వంగి ఉండాలి. అప్పుడు కింద పళ్లెం మీ కాలివేళ్లకు ఒక అడుగు ముందు, నేలకు అంగుళం రెండంగుళాల ఎత్తులో, నేలకు సమంగా ఉండాలి. నడుం వంగుతోందా, ఒక గంటు పొడుగు చేయండి. మణికట్టు లాగుతోందా, ముందుకి తూలుతోందా, ఒక గంటు తగ్గించండి. బోదెల మీద, మొక్కల మధ్య కొంచెం పొట్టిగా ఉంటేనే మేలు. పొడుగు మార్చినప్పుడల్లా వైరును కర్రకు మళ్లీ బిగుతుగా చుట్టండి. వేలాడే వైరు ఉత్తుత్తి చప్పుళ్లు చేస్తుంది. పళ్లెం దగ్గర ప్లాస్టిక్ బోల్టు విరిగితే ఇనుప బోల్టు వేయకండి, పళ్లెం ముందు దాన్నే పట్టుకుంటుంది. ఇంట్లో ఆరడుగుల కొడుకు, ఐదడుగుల తల్లి ఇద్దరూ వాడితే ఎవరి గంటు దగ్గర వాళ్లు రంగు టేపు అంటించుకోండి. స్ప్రే పంపు పట్టీ అయినా ఇంతే, పెద్దవాళ్లకు సరిపోయిన పట్టీతో పిల్లలకు మోయిస్తే వాళ్ల నడుం పోతుంది.

నిధుల కోసం కొందామనుకునే కుర్రాళ్లకు ఒక మాట. వజ్రాన్ని ఈ మిషన్ పట్టదు, అది లోహం కాదు. పాత గుడుల దగ్గర, రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే కేసవుతుంది. మన పొలంలోనే దొరికినా 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. దాచిపెడితే వాటా పోతుంది, జైలు కూడా. చెప్పినవాడికి మాత్రం చట్టంలోనే వాటా రాసి ఉంది.

చెప్పడం వల్ల ఏమవుతుందంటే, ఇంగ్లండులో సఫోక్ జిల్లా హాక్స్‌న్ అనే పల్లెలో 1992 నవంబరులో ఒక కౌలు రైతు సుత్తి పొలంలో పోయింది. స్నేహితుణ్ని పిలిచాడు. ఆ పెద్దాయన పేరు ఎరిక్ లాస్, తోటమాలిగా పనిచేసి రిటైరయ్యాడు. డిటెక్టరు తిప్పుతుంటే రోమన్ల కాలపు నాణేలు బయటపడ్డాయి. కొంత తీసి, మిగతాది తవ్వకుండా ఆపి అధికారులకు కబురు చేశారు. అందుకే పురావస్తు శాఖవాళ్లు ఉన్నది ఉన్నట్టు తీయగలిగారు. దాదాపు 15,000 నాణేలు, వెండి చెంచాలు, బంగారు నగలు. ప్రభుత్వం 17.5 లక్షల పౌండ్లు ఇచ్చింది. ఆయన ఆ డబ్బును రైతుతో పంచుకున్నాడు. పోయిన సుత్తి కూడా దొరికింది. అది ఇప్పుడు ఆ బంగారంతో పాటు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.