పండ్ల ఈగ చెప్పిన దేహ రహస్యం

పండ్ల ఈగకు రెక్కలు ఒక జతే. వాటి వెనుక, ఎగిరేటప్పుడు తూకం నిలిపే చిన్న గుబ్బలు రెండు ఉంటాయి. 1915లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో, జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న కాల్విన్ బ్రిడ్జెస్ ఆ గుబ్బలు కొంతమేర రెక్కల్లా మారిన ఈగను గుర్తించాడు. ఆ ఉత్పరివర్తనానికి బైథోరాక్స్ అని పేరు వచ్చింది.

ఎడ్వర్డ్ లూయిస్ కాలిఫోర్నియాలో దశాబ్దాల పాటు ఇలాంటి మార్పులకు కారణమైన జన్యువులనే పరిశీలించాడు. కొన్ని ఉత్పరివర్తనాలను కలిపి నాలుగు రెక్కల ఈగను పుట్టించాడు. క్రోమోజోముపై ఈ జన్యువులున్న వరుసే, అవి తీర్చిదిద్దే దేహఖండాల వరుస అని 1978లో వివరించాడు. 1980లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో క్రిస్టియానె న్యుస్‌లైన్-ఫోల్‌హార్ట్, ఎరిక్ వీషౌస్ పిండాన్ని ఖండాలుగా విభజించే జన్యువులను వర్గీకరించారు. ఈ ముగ్గురికీ 1995లో నోబెల్ బహుమతి దక్కింది.

1984లో, దేహఖండాలను తీర్చిదిద్దే ఈ జన్యువుల్లో చాలావాటిలో సుమారు 180 డీఎన్‌ఏ అక్షరాల ఉమ్మడి భాగం బయటపడింది. అదే హోమియోబాక్స్. దాని నుంచి తయారయ్యే ప్రోటీన్ భాగం డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. అలా ఆ ప్రోటీన్ ఇతర జన్యువులను పనిచేయిస్తుంది లేదా ఆపుతుంది. అన్ని కణాల్లోనూ దాదాపు ఒకే జన్యుసంపద ఉన్నా, ఏ జన్యువులు పనిచేస్తున్నాయన్నదే కణం రెక్కలో భాగమో కాలిలో భాగమో తేలుస్తుంది. ఎలుకలోనూ మనిషిలోనూ ఇదే కుటుంబపు జన్యువులు తల నుంచి తోక వైపు దేహక్రమాన్ని నిర్ణయిస్తాయి.