మన పాటలు వినండి, పాడినవారి పేరు చెప్పండి



మా హాస్టల్లో ఆదివారం సాయంత్రం పిల్లలు స్పీకర్ పెట్టుకోవచ్చు. ఒకసారి దీపావళి సెలవుల ముందు దండారి పాటకు డీజే కలిపింది పెట్టి ఆడారు. ఈ పాట ఎవరిదని అడిగితే, "యూట్యూబ్‌ది మేడం" అన్నారు. ఏ ఊరిది, ఎప్పుడు పాడతారు, పాడింది ఎవరు అంటే ఎవరూ చెప్పలేదు. నిజానికి మాకూ తెలియదు. ఆ సిగ్గుతోనే ఈ వ్యాసం రాస్తున్నాం.

మన పెద్దలు చరిత్రను పాటల్లో దాచుకున్నారు. అందుకే మనకు పాట పోతే చరిత్ర పుస్తకంలో ఒక పేజీ చిరిగినట్టే. సినిమాల అండ, పెద్ద కంపెనీల అండ లేకుండా ఆ పాటలను మోసిన కళాకారుల గురించి మీకు కొంత చెప్పాలి. ఫోన్‌లో దొరికినవి వినండి, ఊళ్లో దొరికేవి దగ్గర కూర్చుని వినండి.

మొదట కిక్రి వినండి. మూడు తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు. రాజ్‌గోండులకు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఎలా ఏర్పడ్డాయి, పహండీ కుపార్ లింగు ఏం చేశాడు అన్న కథలను ప్రధాన్‌లు, తోటీలు తరాలుగా దీనిమీదే పాడుతున్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. ఆయన 1948లో అచ్చువేసిన రాజ్‌గోండుల పుస్తకంలో ఉన్న పురాణాలు ఇలా నోటి నుంచి విని రాసుకున్నవే. పుస్తకం మీద రచయిత పేరు ఉంటుంది. కిక్రి పట్టిన తాతల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

తర్వాత దండారి పాటలు. గుమేల, పర్ర, పెప్రె, కాలికోమ్ కలిసి మోగితే కాళ్లు ఆగవు. నెమలి ఈకల టోపీతో గుస్సాడి ఆడిన కనక రాజు గారిది జైనూర్ మండలం మార్లవాయి. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో, దండారి రోజుల దగ్గరలోనే, కన్నుమూశారు.

ఆ మార్లవాయి గురించి మరో మాట. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టి గోండీలో వాచకాలు తయారు చేశారు. అంటే మన పిల్లలకు మన భాషలో చదువు చెప్పాలని అప్పుడే అనుకున్నారు. ఎన్నో ఏళ్ల తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసిన మేము మాత్రం అక్కడ నేర్చుకున్న అభినయ గేయాలే పిల్లలకు నేర్పాం. "మీ అవ్వ ఏ పాట పాడుతుంది?" అని ఒక్కనాడూ అడగలేదు. ఈ తప్పు మాదే.

గోదావరి వైపు వెళితే కోయ డోలీల పాట వినండి. బొమ్మలు గీసిన పడిగె గుడ్డను విప్పి, డోలు వాయిస్తూ సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథ చెబుతారు. కాకతీయుల చరిత్రను మనం బడిలో ఓరుగల్లు కోట వైపు నుంచి చదువుతాం. డోలి కథలో అదే కాలాన్ని అడవి వైపు నుంచి వింటాం. రెండూ తెలిసినవాళ్లకే మేడారం అర్థమవుతుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు ఈ కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 జూన్‌లో వెళ్లిపోయారు. ఒకే ఏడాదిలో ఇద్దరు పెద్దలను పోగొట్టుకున్నాం.

ఆడవాళ్ల పాటలు మరవకండి. అరకు వైపు తుడుము, మోరి వాయిస్తుంటే అక్కచెల్లెళ్లు నడుములు పట్టుకుని ధింసా ఆడతారు. తండాల్లో తీజ్‌కు తొమ్మిది రోజులు గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోస్తూ లంబాడా ఆడపిల్లలు పాడతారు. సొంత లిపి లేని గోర్‌బోలి నేటికీ నిలిచి ఉందంటే అందులో ఈ పాటల పాలు చాలా ఉంది.

మన తెగవారు కాకపోయినా దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర కూడా వినండి. పండుగ సాయన్న కథను ఆయన ఎన్నో ఏళ్లుగా పాడుతున్నారు. 2021లో ఒక సినిమా పాటలో గొంతు వినిపించాకే చాలామందికి ఆయన తెలిశారు. మన కళాకారులను గుర్తించడానికి సినిమా వచ్చేదాకా ఆగాలా?

ఇప్పుడు మీ వయసు పిల్లలే గోండీలో, కోయలో, గోర్‌బోలిలో సొంతంగా పాటలు కట్టి ఫోన్‌తో తీసి పెడుతున్నారు. జల్ జంగల్ జమీన్ మీద, పోడు భూముల మీద, ప్రేమ మీద, ఊరు విడిచి పనికి పోవడం మీద. డీజే కలిపారని మేము తప్పు పట్టం. వాయిద్యం ప్రతి తరానికీ మారుతుంది. పాడినవారి పేరు మాత్రం పోకూడదు. ఇంకొకటి, కొన్ని పాటలు పేన్ ముందు, చావు ఇంట్లో మాత్రమే పాడేవి. రికార్డు చేసేముందు కటోడాను, ఊరి పెద్దలను అడగండి.

ఆ దీపావళి సెలవులకు పిల్లలకు ఒక పని ఇచ్చాం. ఇంటి నుంచి ఒక పాట తేవాలి. దానితోపాటు పాడినవారి పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడతారు, వారికి ఎవరు నేర్పారు అని రాసుకు రావాలి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల నాన్న ఫోన్‌లో అవ్వ పాట తెచ్చింది. నాలుగు నిమిషాలు. మధ్యలో కోడి అరుపు, చంటిపిల్ల ఏడుపు కూడా ఉన్నాయి. ఎండాకాలంలో ఆ అవ్వ చనిపోయింది. ఆ పాట మొత్తం వచ్చినవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరట.

గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల వల్ల ఈనాడు గోండీకి సొంత లిపి ఉంది. 2018లో అది యూనికోడ్‌లోకీ చేరింది. రాయడానికి అక్షరం ఉంది, దాచడానికి ఫోన్ ఉంది. పాడే అవ్వలు, తాతలు ఎన్నాళ్లు ఉంటారో ఎవరు చెప్పగలరు? ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చోండి. ఒక్క పాట వినండి, పేరు రాసుకోండి.

జై ఆదివాసీ.