షేక్‌స్పియర్‌కు కత్తెర వేసిన అక్కాతమ్ముళ్లు

పుస్తకంలో అసభ్యమనుకున్న మాటలను ఏరి తీసేసి మిగిలింది అచ్చువేస్తే, ఆ పనిని ఇంగ్లిష్‌లో ‘బౌడ్లరైజ్’ చేయడం అంటారు. ఇంటిపేరు నుంచి పుట్టిన మాట ఇది. థామస్ బౌడ్లర్ (1754–1825) వైద్యం చదువుకున్న ఆంగ్లేయుడు. ఆయన పోయిన 11 ఏళ్లకు, 1836లో, బ్రిటిష్ రాజకీయవేత్త పెరొనెట్ థాంప్సన్ ఈ క్రియను వాడాడు. నిఘంటుకారులకు దొరికిన తొలి ప్రయోగాల్లో అది ఒకటి.

థామస్ చిన్నతనంలో తండ్రి రాత్రిపూట షేక్‌స్పియర్ నాటకాలు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవాడు. పిల్లలు, ఆడవాళ్లు వినకూడదనుకున్న చోట్ల చటుక్కున దాటేసేవాడు. ఆ దాటవేతే పిల్లలు పెద్దయ్యాక పుస్తకమైంది. 1807లో బాత్ నగరంలో ‘ఫ్యామిలీ షేక్‌స్పియర్’ 4 సంపుటాలుగా వెలువడింది. 20 నాటకాలు ఉన్నాయి గానీ సంపాదకుడి పేరు లేదు. 1818లో 36 నాటకాలతో 10 సంపుటాల కూర్పు వచ్చింది. దానిమీద థామస్ పేరుంది.

కొత్తగా ఏమీ చేర్చలేదని, కుటుంబంలో పైకి చదవడానికి వీల్లేనివి మాత్రమే తీశామని ఆయన పుస్తకం మొదట్లోనే చెప్పుకున్నాడు. అయినా చేయి ఊరుకోలేదు. ‘మక్బెత్’ నాటకంలో, నిద్రలో నడుస్తూ లేని నెత్తుటి మరకను చేతులమీంచి తుడుచుకునే లేడీ మక్బెత్ నోట ఒక తిట్టుమాట ఉంటుంది. దాన్ని తీసి, ‘ఎర్రని’ అని అర్థం వచ్చే మాట పెట్టారు. పాపభీతితో వణికిపోతున్న మనిషి మరక రంగు చెబుతున్నట్టు తయారైంది ఆ ఘట్టం. ‘నాలుగో హెన్రీ’ రెండో భాగంలో డాల్ టేర్‌షీట్ అనే వేశ్య పాత్ర మొత్తానికే మాయమైంది. ‘ఒథెల్లో’ దగ్గర మాత్రం కత్తెర ఓడిపోయింది. ఎంత కోసినా లొంగకపోవడంతో, ఆ నాటకాన్ని నలుగురూ కూర్చునే గదిలో కాకుండా విడిగా దాచుకోమని సలహా ఇచ్చి ఊరుకున్నాడు.

నన్ను ఎక్కువగా బాధించేది ఈ కోతలు కాదు. 1807 నాటి పుస్తకాన్ని సిద్ధం చేసింది థామస్ అక్క హెన్రియెట్టా, ఇంట్లో అందరికీ హ్యారియట్. పెళ్లికాని స్త్రీ బూతుమాటలను ఏరి తీసిందంటే అవి ఆమెకు అర్థమయ్యాయని ఒప్పుకున్నట్టే కదా! అందుకే పేరు వేసుకోలేదు. 20వ శతాబ్దంలో గానీ ఆమె పాత్ర గట్టిగా రుజువు కాలేదు. అందరికంటే ముందు కత్తెర పడింది కత్తెర పట్టిన మనిషి పేరు మీదే.

ఇదే అన్యాయం మన ముద్దుపళనికీ జరిగింది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఆమె ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార కావ్యం రాసింది. 1887లో పైడిపాటి వెంకటనరసు దాన్ని అచ్చువేయించినప్పుడు కొన్ని పద్యాలతో పాటు పీఠికను కూడా వదిలేశారు. శృంగారం శ్రుతిమించిందని పద్యాలు తీశారనుకుందాం. మరి పీఠికలో ఏముంది? కవయిత్రి తన వంశం గురించి, తన సాహిత్య వారసత్వం గురించి చెప్పుకున్న మాటలున్నాయి. వాటిలో అసభ్యమేముంది?

గాయని బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి చూసి ఈ సంగతి పట్టుకున్నారు. 1910లో ప్రచురణకర్తలైన వావిళ్ల వారి ద్వారా పూర్తి కావ్యాన్ని వెలువరించారు. ఇలాంటి పద్యాలు స్త్రీ నోట రావడమేమిటని కందుకూరి వీరేశలింగం అంతకుముందే విమర్శించి ఉన్నారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ సూటిగా అడిగారు. ఆ ప్రశ్నకు ఈనాటికీ సరైన జవాబు రాలేదని నా అభిప్రాయం. 1911లో ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ కన్నుమూసింది ఆ ఏడాదే.

పాత కావ్యం కొత్త ముద్రణ మీ చేతికొస్తే ముందుగా పీఠిక ఉందో లేదో చూడండి. ఏయే పద్యాలు తీశారో, ఎందుకు తీశారో సంపాదకులు చెప్పకపోతే ఉత్తరం రాసి అడగండి.