చేప ఎందుకు బిగుసుకుంటుంది?

కొల్లేటి ఒడ్డున మండవల్లి, కైకలూరు ఇల్లాళ్ళకు చేప బేరం ఒకరు నేర్పనక్కర్లేదు. మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు. వీపు మీద వేలితో నొక్కుతారు. బిగుసుకుని ఉంటే తాజా చేప. మెత్తబడిందో, బుట్ట పక్కకి జరిపేస్తారు. మరి నీళ్ళలో మెలికలు తిరిగిన చేప, ప్రాణం పోయాక కర్రలా ఎందుకు బిగుస్తుందంటారు?

ఆ గుట్టు విప్పినవాళ్ళలో ఒకరు మనకి ఇరుగుపొరుగే! మండవల్లిలో రైలెక్కితే, ఆకివీడు దాటాక వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మద్రాసులో వైద్యం చదువుతూ, గాంధీగారి మాట విని ఖద్దరు కట్టినందుకు తెల్లదొరకి కంటగింపయ్యారు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న పట్టా చేతికొచ్చింది. 1922లో మామగారు కూడబెట్టిన డబ్బుతో అమెరికాలోని బోస్టన్ చేరారు. అక్కడ ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు.

మరుసటి ఏడు, కండరాల సంగతి తేల్చారని హిల్, మయర్‌హాఫ్‌లకు నోబెల్ బహుమతి ప్రకటించారు. కండ కదలడానికి మూలం లాక్టిక్ ఆమ్లమేనని అప్పటి నమ్మకం. హార్వర్డులో ఫిస్కే, సుబ్బారావుగార్లు 1925లో, రంగు నీలం ఎంత చిక్కబడిందో చూసి భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. దానితో వెతికితే కండలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. దొరికాయి. ఎ.టి.పి.ని అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా పట్టుకున్నాడు. పాత నమ్మకం కూలింది.

గాదెలో వడ్లున్నాయని ఎసట్లో పోస్తామా? దంచి బియ్యం చెయ్యాలిగా! మనం తిన్న తిండి వడ్లయితే, ఎ.టి.పి. బియ్యం. డబ్బా అడుగంటితే వెంటనే నింపే చేబదులు ఫాస్ఫోక్రియాటిన్. ఆ బియ్యం తినేది కండలోని మయోసిన్ అనే మాంసకృత్తు. ఈ సంగతి 1939లో రష్యాలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు బయటపెట్టారు. మయోసిన్ తల పక్కనున్న పోగుని పట్టుకుని లాగుతుంది, వదిలి మళ్ళీ పట్టుకుంటుంది. చిత్రమేమంటే, పట్టు వదలాలన్నా కొత్త ఎ.టి.పి. వచ్చి అంటుకోవాలి. ప్రాణం పోయాక కాసేపటికి అది నిండుకుంటుంది. పట్టిన పట్టు పట్టినట్టే ఉండిపోతుంది. అదీ చేప బిగుసుకోవడం!

సుబ్బారావుగారు మళ్ళీ స్వదేశం చూడకుండానే 1948లో కన్నుమూశారు. ఆయన భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన కొడుకు తండ్రి ముఖం చూడకుండానే పసితనంలో పోయాడు. ప్రయోగశాలల్లో ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ అన్న పేరు నిలిచింది. ఆ చదువు వెనక పుట్టింటి సొమ్మూ, తన కాపురమూ ధారపోసిన ఇల్లాలి పేరు మనమైనా తలుచుకోవద్దూ?