బస్తీ తల్లికి వైద్యం: అడ్డుపడుతున్న కాగితాలు

నగరంలో ఆసుపత్రి దూరం కాదు. హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్, పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి. 2018 నుంచి బస్తీ దవాఖానాలూ తెరుచుకున్నాయి. అయినా బస్తీల్లోని దళిత, వలస మహిళలకు వైద్యం సక్రమంగా అందడం లేదంటే, వారిని అడ్డుకుంటున్న వాటిలో ముఖ్యమైనది చిరునామా రుజువేనని మేము భావిస్తున్నాం.

లెక్కలోకి రాని బస్తీ

2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం సుమారు 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,000 నుంచి 2,500 మందికి ఒక ఆశా కార్యకర్త ఉండాలి. ప్రభుత్వ గుర్తింపు లేని గుడిసెల్లో, భవన నిర్మాణాల దగ్గరి షెడ్లలో ఉండేవారు ఈ లెక్కలోకి రావడమే కష్టం. గర్భిణి పేరు నమోదు కాకపోతే తల్లీబిడ్డల రక్షణ కార్డు రాదు. అది లేకపోతే పథకాల డబ్బు అందదు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్తే పరీక్షలు ఒకచోట, కాన్పు మరోచోట జరిగి నమోదు మధ్యలో తెగిపోతుంది. ఓపీ పగటిపూటే ఉంటుంది కాబట్టి, పరీక్షకు వెళ్లిన రోజు కూలి పోయినట్టే.

కాగితం మీద ఉన్న హక్కులు

జననీ శిశు సురక్షా కార్యక్రమం (2011) కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రవాణా ఉచితం. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించే ఎస్సీ, ఎస్టీ మహిళలు జననీ సురక్షా యోజనకు అర్హులు. ఆహార భద్రతా చట్టం (2013) గర్భిణులకు కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలని చెప్పింది. కానీ 2017లో వచ్చిన మాతృ వందన యోజన దాన్ని తొలి కాన్పుకు 5,000 రూపాయలకు కుదించింది. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఇస్తామన్న మార్పు 2022లో గానీ రాలేదు.

ఢిల్లీ తీర్పు

కాగితాల సమస్య 2010లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. వలస వచ్చిన ఒక నిరుపేద మహిళ సరైన వైద్యం అందక, ఇంట్లో ప్రసవించి చనిపోయింది. ఇల్లులేని మరో మహిళ చెట్టు కింద ప్రసవించింది. లక్ష్మీ మండల్ వర్సెస్ దీన్ దయాళ్ హరినగర్ ఆసుపత్రి కేసులో జూన్ 4న జస్టిస్ ఎస్. మురళీధర్ తీర్పు చెబుతూ, ప్రసూతి వైద్యం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమన్నారు. సామాజిక, ఆర్థిక స్థితి ఏదైనా గర్భిణికి చికిత్స నిరాకరించరాదన్నారు. రాష్ట్రం మారిన పేదలు తమ పేదరికాన్ని మళ్లీ నిరూపించుకోవాల్సి రావడాన్ని తప్పుపట్టారు.

మనం చేయాల్సింది

బస్తీలో గర్భిణుల జాబితా మనమే రాసి ఆశా కార్యకర్తకు, ఆరోగ్య కేంద్రానికి అందజేద్దాం. ఎక్కడైనా వెనక్కి పంపితే కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడుగుదాం. తేదీ, సమయం, ఏ కాగితం అడిగారో నమోదు చేద్దాం. రేపు కోర్టులో నిలబడేది ఆ నమోదే.