ఎయిర్ కోస్టా నేలకు దిగిన నాడు

గౌతమి ఒడ్డున కె.గంగవరంలో పొలం ఉందంటే సార్వా, దాళ్వా రెండు పంటల భరోసా ఉన్నట్టే. అలాంటి చేనును కొడుకు పైలట్ చదువు కోసం బేరానికి పెట్టాల్సి వస్తే, ఆ ఇంటి పెద్దకు అన్నం సహించదు. అమ్మడమెందుకు, తాకట్టు పెట్టొచ్చుగా అంటారు. కానీ విద్యారుణం 7.5 లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. అప్పు తీర్చకపోతే బ్యాంకు నేరుగా ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కాబట్టి, వరిచేను కాగితాలు చూసి బ్యాంకులు వెనకాడతాయి. పట్నంలో మేడ ఉన్నవాడికి దొరికే అప్పు, ఎకరాలున్న రైతుకు దొరకదు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఖర్చు 50 లక్షల దాకా వెళుతుంది, దాటుతుంది కూడా. అంతటితో ఉద్యోగం రాదు. ఏ రకం విమానం నడపాలో ఆ రకానికే టైప్ రేటింగ్ చేయాలి. దానికి మళ్ళీ లక్షలు, చాలాసార్లు సొంత డబ్బే.

అలాంటి రోజుల్లో, 2013 అక్టోబరులో, లింగమనేని కుటుంబానికి చెందిన ఎల్‌ఈపీఎల్ గ్రూపు విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టాను మొదలుపెట్టింది. మనదంటూ ఒక విమాన సంస్థ! గన్నవరం విమానాశ్రయం నుంచి బ్రెజిల్ తయారీ ఎంబ్రాయర్ ఈ-జెట్లు లేచాయి. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్ షోలో ఎయిర్ కోస్టా 50 కొత్త ఎంబ్రాయర్ ఈ2 జెట్లకు ఆర్డరిచ్చింది. విలువ దాదాపు 294 కోట్ల డాలర్లు. అప్పటికి చేతిలో ఉన్నవి అద్దెకు తెచ్చిన కొద్ది విమానాలు మాత్రమే. అయినా ఆ వార్త చదివి, యాభై విమానాలకు ఎన్ని వందల మంది పైలట్లు కావాలో అని లెక్కలు కట్టుకున్న వాళ్ళను తప్పుపట్టలేం. ఇంటికి దగ్గరలో మొదటి ఉద్యోగం అంటే ఎవరు ఆశపడరు?

ఆ ఆశ నాలుగేళ్ళు కూడా నిలవలేదు. టికెట్టు అమ్మితే వచ్చేది రూపాయలు, విమానం అద్దె కట్టాల్సింది డాలర్లు. పెద్ద ఎయిర్‌బస్ నింపుకుని తక్కువ ధరకు తిప్పే సంస్థలతో చిన్న జెట్లు పోటీపడాలి. 2016 ఆగస్టులో అద్దె బాకీల గొడవతో సర్వీసులు ఒకసారి ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. 2017 ఫిబ్రవరి 28న ఆగినవి మరి లేవలేదు. ఆర్డరిచ్చిన 50లో ఒక్క జెట్టూ గన్నవరంలో దిగలేదు.

సంస్థ మూతపడితే గుమాస్తా ఇంకో ఆఫీసుకు వెళ్ళి అదే పని చేసుకోగలడు. ఈ-జెట్ రేటింగ్ ఉన్న కుర్రాడికి ఆ దారి లేదు. ఎయిర్‌బస్ నడపాలంటే ఆ రేటింగ్ కొత్తగా చేయాలి, ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానానికి ఇంకొకటి. హైదరాబాదు నుంచి ఏటీఆర్‌లు నడిపిన ట్రూజెట్ మన రాజమండ్రికీ వచ్చేది. అదీ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అంతకు ముందే, 2019 ఏప్రిల్‌లో, జెట్ ఎయిర్‌వేస్ పడిపోయి అనుభవమున్న పైలట్లెందరో రోడ్డున పడ్డారు. కొత్తగా లైసెన్సు చేతబట్టుకున్నవాళ్ళు వాళ్ళతో పోటీపడాల్సి వచ్చింది.

2023లో స్టార్ ఎయిర్ సంస్థ ఎంబ్రాయర్ ఈ-175 జెట్లు తెచ్చాక గానీ ఆ రేటింగ్‌కు మన ప్రయాణికుల సర్వీసుల్లో మళ్ళీ చోటు దొరకలేదు. మధ్యలో ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ అప్పు మీద వడ్డీ ఆగదు, వాడని రేటింగ్ చెల్లుబాటులో ఉండదు, అమ్మిన పొలంలో సార్వా ఊడ్పులు ఇంకొకరు వేసుకుంటారు.